పన్నెండు ముళ్ల డబ్బా

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోని ప్రాంతాన, ఆస్పరి మండలంలో కైరుప్పల అనే వూరు వున్నది. ఆ పేరు మీలో కొందరు వినే వుంటారు. ఉగాది పండుగ మరునాడు అక్కడ పిడకల సమరం జరుగుతుంది. వూరివాళ్లు రెండు పక్షాలుగా చీలి, ఒకరి మీద ఒకరు పిడకలు విసురుకుంటారు. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ పెళ్లి కాబోయే వేళ పుట్టిన తగాదా అది అని పెద్దలు కథ చెబుతారు. చివరకు రెండు పక్షాలూ రాజీపడతాయి.

అయితే పిల్లలూ, నేను చెప్పబోయేది పిడకల గురించి కాదు, చేపల గాలం గురించి. కైరుప్పలకూ చేపలకూ ఏమిటి సంబంధం అంటారా? పెద్ద సంబంధం లేదు. అసలు విశేషమంతా అందులోనే వున్నది.

వూరిని ఆనుకుని పెద్ద ఏరేదీ పారదు. చుట్టూ వానను నమ్ముకున్న చేలు. వాన కురిస్తే వంకలో నీళ్లు, కురవకపోతే ఇసుక. అటువంటి చోట కాపురమున్న మా మామకు గాలం వెయ్యడమంటే ప్రాణం.

ఏటి గట్టున ఇల్లున్నవాడు గాలం వేస్తూండగా ముల్లు తెగిపోయిందనుకోండి. ఇంటికి పరుగెత్తి ఇంకొకటి తెచ్చుకుంటాడు. మా మామకు ఆ వీలు లేదు. ఆయన చేపలు పట్టాలంటే బస్సెక్కి ఆదోని చేరాలి. అక్కడ బస్సు మారి ఎమ్మిగనూరు పోవాలి. ఎమ్మిగనూరు నుంచి మళ్లీ బయలుదేరి తుంగభద్ర వొడ్డున వున్న నాగలదిన్నె చేరాలి. ఇంత దూరం పోయి, గట్టున కూర్చుని, సంచి విప్పి, "అయ్యో, బెండు మరిచిపోయి వచ్చానే!" అంటే ఆ రోజు గంగలో కలిసినట్టే. అందుకే ఆయన గాలపు సామాను సర్దుకునే పద్ధతి చూసి, నది వొడ్డున పుట్టి పెరిగిన వాళ్లు కూడా ముక్కున వేలేసుకునేవాళ్లు.

గాలం అనగానే మనకు వెదురు గడ కనిపిస్తుంది. నిజానికి గడ మరిచిపోయినా ఫరవాలేదు, ఏటి వొడ్డున ఏదో ఒక కర్ర దొరుకుతుంది. దొరకనివి చిన్న సామానే. ముల్లు, దారం, బెండు, సీసపు గుండ్లు. నాలుగూ కలిపి తూస్తే గుప్పెడు వేరుశనగ కాయల బరువు వుండవు. కాని తడి చేతులకు జారేవీ, గడ్డిలో పడితే కనబడనివీ, ఒకదానితో ఒకటి చిక్కుపడేవీ ఇవే.

ముందు ముల్లు సంగతి చూద్దాం. వంచిన ఇనుప తీగే గదా అనిపిస్తుంది. దగ్గరగా చూడండి. కొసకు కొంచెం వెనకగా, ఎదురు తిరిగిన చిన్న పన్ను ఒకటి వుంటుంది. ముల్లు లోపలికి దిగేటప్పుడు ఆ పన్ను అడ్డం రాదు. వెనక్కి లాగితే మాత్రం పట్టేసుకుంటుంది. చేప నోటికైనా అంతే, మన వేలికైనా అంతే. కాబట్టి వేలిలో ముల్లు ఆ పన్ను దాకా దిగబడితే లాగకూడదు. దారం కత్తిరించి, ముల్లును కదలనివ్వకుండా వుంచి, తిన్నగా డాక్టరు దగ్గరికి పోవాలి. ఆయన దాన్ని తీసి, అవసరాన్ని బట్టి ధనుర్వాతం రాకుండా సూది మందు వేస్తాడు.

దుకాణంలో ముళ్లు నంబర్ల ప్రకారం అమ్ముతారు. ఈ నంబర్లు మన చెప్పుల నంబర్లకు తలకిందులు. 10 నంబరు ముల్లు కంటే 6 నంబరు ముల్లు పెద్దది, 6 కంటే 1 పెద్దది. 1 దాటి ఇంకా పెద్దవి కావాలంటే నంబరు పక్కన సున్న చేర్చి లెక్క మళ్లీ పైకి మొదలుపెడతారు. ఈ తిరకాసు తెలియక మొదటిసారి మామ ఆదోనిలో "పెద్దది, 12 నంబరు ఇయ్యి" అని అడిగి, చీమ తలంత ముళ్లు ఇంటికి తెచ్చుకున్నాడట.

మనిషి ఈ ముల్లును ఎప్పుడు కనిపెట్టాడో వింటే ఆశ్చర్యపోతారు. జపాను దేశానికి చెందిన ఒకినావా దీవిలో, సకితారి అనే గుహలో, నత్త గుల్లను అరగదీసి చేసిన గాలపు ముళ్లు దొరికాయి. వాటి వయసు సుమారు 23,000 సంవత్సరాలు! అప్పటికి వ్యవసాయమే లేదు. మన సింధు నాగరికత నగరాలలో రాగి ముళ్లు తవ్వకాలలో బయటపడ్డాయి. గుల్లను గంటల తరబడి అరగదీసి ఒక్క ముల్లు చేసుకున్న ఆ గుహవాసి దాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకుని వుంటాడో వూహించండి. ఈనాడు నాలుగు రూపాయలకు దొరుకుతున్నది గనుక మనకు లక్ష్యం లేదు.

మామ మొదట్లో తన ముళ్లను జీలుగు బెండు ముక్కకు గుచ్చి అగ్గిపెట్టెలో పెట్టుకునేవాడు. పెళ్లి బాసికాలకు వాడే తెల్లని తేలిక బెండు వుంటుందే, అదే. చూడడానికి బాగానే వుండేది. అయితే బెండు తడిని పీల్చుకుంటుంది. తడి ముల్లును దానికి గుచ్చి మూత పెడితే, లోపలి తడి బయటికి పోదు. ఇనుము, నీరు, గాలి మూడూ ఒకచోట చేరితే తుప్పు పుట్టక మానదు. నెల తిరిగే సరికి ముళ్లన్నీ ఎర్రబడి, కొసలు మొద్దుబారాయి. తుప్పు పట్టిన ముల్లుతో రెండు నష్టాలు. మొద్దు కొస చేప నోటికి దిగదు. దిగినా, తుప్పు తిన్న చోట పుటుక్కున విరుగుతుంది.

ఆ తర్వాత ఆయన కొత్త ఉపాయం కనిపెట్టాడు. తెగిపోయిన హవాయి చెప్పు అడుగును కత్తితో కోసి, ఒక పాత పొడుం డబ్బా అడుగున సరిగ్గా పట్టేట్టు అమర్చాడు. ఆ రబ్బరులో గాలి బుడగలు విడివిడిగా మూసుకుని వుంటాయి గనుక అది నీటిని పీల్చదు. కొస దిగేంత మెత్తగా వుంటుంది, ముల్లును వదలనంత గట్టిగానూ వుంటుంది. దానిలో వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు, మొత్తం పన్నెండు ముళ్లు. వెనక వరుసలో పెద్దవి, వాలుగకూ కొరమీనుకూ. మధ్య వరుసలోవి జెల్లలకూ నడిమి రకం చేపలకూ. ముందు వరుసలో చిట్టివి, పరిగెలకు. ముళ్లన్నీ ఒకే దిక్కుకు వంగి, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా వుండేవి.

ఈ అమరికలో మరొక లాభం వున్నది. డబ్బా తెరవగానే ఏది లేదో కన్ను కనిపెట్టేస్తుంది. సంచిలో గుప్పగా పోసిన పన్నెండు ముళ్లలో ఒకటి పోతే తెలియదు. వరుసలో ఒక చోటు ఖాళీ అయితే, ముందు పన్ను వూడిన నోరులాగా అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది!

వాడిన ముల్లును మామ వెంటనే డబ్బాలో పెట్టేవాడు కాదు. పంచె కొసతో తుడిచి, ఎండలో కాసేపు ఆరబెట్టి, ఆముదం రాసిన గుడ్డతో ఒకసారి అద్ది అప్పుడు గుచ్చేవాడు. ఆముదం పూత గాలినీ తడినీ ఇనుము దగ్గరికి రానివ్వదు.

ఇక సీసపు గుండ్లు. దారానికి బరువు లేకపోతే ఎర నీటి పైనే తేలుతూ పోతుంది. నీటికంటే సీసం పదకొండు రెట్లకు పైగా బరువు గనుక మిరియం గింజంత గుండు చాలు. మామ వాటిని ఖాళీ అయిన అమృతాంజనం సీసాలో పోసుకునేవాడు. (కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందు తయారీ మొదలుపెట్టారని మీకు తెలుసునా? ఖాళీ సీసాకు ఎన్ని ఉపయోగాలుంటాయో ఆయన కూడా అనుకుని వుండరు.) గాజు సీసా కాబట్టి గుండ్లు ఎన్ని మిగిలాయో బయటికే కనిపిస్తాయి. వాసన పోయేదాకా బూడిదతో తోమాల్సి వచ్చిందని మా అత్త దెప్పుతూ వుండేది.

గుండుకు మధ్యన చీలిక వుంటుంది. దారాన్ని చీలికలో పెట్టి గుండును నొక్కితే అది పట్టుకుంటుంది. చాలామంది దాన్ని పళ్లతో కొరికి నొక్కుతారు. పిల్లలూ, ఆ పని ఎన్నడూ చెయ్యకండి. సీసం విషం. కొంచెం కొంచెంగా వొంట్లో చేరినా పిల్లల మెదడుకు చెరుపు చేస్తుంది. మామ నడుముకు చిన్న పట్టకారు కట్టుకునేవాడు. గుండ్లు ముట్టుకున్న చేతితో సద్ది మూట విప్పనిచ్చేవాడు కాదు. ఇంగ్లండులో ఇట్లా జారిపడ్డ గుండ్లను హంసలు గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోతూంటే, 1987లో అక్కడి ప్రభుత్వం చిన్న సీసపు గుండ్ల వాడకాన్ని నిషేధించింది. పక్షులకు పళ్లు లేవు గదా. తిన్న గింజలను కడుపులో నూరుకోవడానికి అవి చిన్న రాళ్లు మింగుతాయి. రాయేదో సీసమేదో వాటికేం తెలుసు?

బెండ్ల సంగతి వినడానికి మరీ బాగుంటుంది. బెండు నీటి మీద పడుకుని తేలకూడదు. నిటారుగా నిలబడి, కొస మాత్రం పైకి కనబడాలి. అప్పుడే పరిగె పిల్ల ముట్టుకున్నా అది వణుకుతుంది. అందుకు ప్రతి బెండుకూ సరిపడినన్ని గుండ్లే కట్టాలి. ఒకటి ఎక్కువైతే మునుగుతుంది, తక్కువైతే పడుకుంటుంది. బెండు తాను తొలగించిన నీటి బరువు ఎంతో, అంత బరువునే మోయగలదని ఆర్కిమిడీసు సూత్రం. మామ ఆర్కిమిడీసు పేరు విన్నాడో లేదో నాకు తెలియదు. వూళ్లో ఏరు లేకపోతేనేం, ఇంటి ముందు ఎద్దులు నీళ్లు తాగే తొట్టి వున్నది. ముందు రోజే ఆయన తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని బెండ్లను ఒక్కొక్కటే పరీక్షించేవాడు. మూడు గుండ్లు పట్టే బెండుకు కత్తితో మూడు గాట్లు, అయిదు పట్టేదానికి అయిదు గాట్లు పెట్టేవాడు. ఏటి దగ్గర ఇక లెక్కలతో పని లేదు, గాట్లు చూసి గుండ్లు కట్టడమే. ఎద్దులు మాత్రం తమ తొట్టి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూస్తూ నిలబడేవి.

దారాన్ని ఆయన నేతగాళ్ల కండెకు చుట్టేవాడు. ఎమ్మిగనూరు వెళ్తే కండెలకు కొదవేమున్నది! మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేతకారుల సహకార సంఘం స్థాపించిన నాటి నుంచీ ఆ వూరి పేరు దుప్పట్ల మీదా చీరెల మీదా దేశమంతా తిరిగింది. నూలు కోసం చేసిన కండె నైలాను దారానికీ పనికివస్తుంది. వేళ్ల మీద చుట్టిన దారం సంచిలో పడితే పది నిమిషాలలో పిచ్చుక గూడు అవుతుంది. కండెకు చుట్టిన దారం ఎంత కావాలో అంతే విప్పుకుంటుంది. నైలానుకు ఒక దుర్గుణం కూడా వున్నది. సన్నటి దానికి చాలా కాలం చుట్టి వుంచితే ఆ వంకర దానికి అలవాటైపోయి, నీటిలో వేసినా మెలికలు మెలికలుగానే నిలుస్తుంది. అందుకని మామ లావుపాటి కండె ఎంచుకున్నాడు. ఎండలో పడివుంటే నైలాను బలం తగ్గిపోతుంది కాబట్టి కండెను గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టేవాడు.

నైలాను రాకముందు దేనితో కట్టేవారో తెలుసా? నూలు, పట్టు, గుర్రపు తోక వెంట్రుకలు. స్పెయినులో అయితే పట్టుపురుగు గూడు కట్టబోయే ముందు దాన్ని పుల్లటి ద్రావకంలో నానబెట్టి, కడుపులోని పట్టు గ్రంథులను బయటికి తీసి, రెండు చేతులతో సాగదీసేవారు. అది గాలి తగిలి గట్టిపడి, పారదర్శకమైన తీగ అయ్యేది. చేపకు కనబడని దారం కోసం అన్ని పాట్లు! 1935లో అమెరికాలో కెరోథర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నైలాను తయారుచెయ్యడంతో ఆ పురుగులకు విముక్తి కలిగింది.

కాని పట్టు, నూలు కొన్నాళ్లకు కుళ్లిపోతాయి. నైలాను ఏండ్ల తరబడి అట్లాగే పడివుంటుంది. కొంగ కాలికి చుట్టుకున్నా, నీటికుక్క మెడకు చుట్టుకున్నా వదలదు. తుంగభద్రలో నీటికుక్కలు వున్నాయి. కర్ణాటకలో ఎగువన 34 కిలోమీటర్ల మేర నదిని 2015లో వాటికోసమే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మామ సంచిలో ఒక ఖాళీ అగ్గిపెట్టె ఎప్పుడూ వుండేది. ముడి వేశాక కత్తిరించిన తోక గోరంత వున్నా సరే, ఆ పెట్టెలోకే పోవాలి.

ఎర మాత్రం ఈ సామానుతో కలిసేది కాదు. తడిమన్నుతో వానపాములు ఒక కొబ్బరి చిప్పలో, జొన్నపిండి ముద్ద ఒక ఆకులో, రెండూ వేరే చేతిసంచిలో. ఎర తడి డబ్బాకు తగిలితే మళ్లీ తుప్పు. డబ్బాలోని ఆముదం ఎరకు తగిలితే చేపలు మూతి తిప్పుకుంటాయని మామ నమ్మకం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. జెల్లలాంటి మీసాల చేపలకు రుచి తెలిసేది నోటిలో మాత్రమే కాదు, వాటి మీసాల మీదా వొంటి మీదా కూడా రుచి మొగ్గలు వుంటాయి. వొళ్లంతా నాలుకే అన్నమాట!

అమెరికాలో లీ ఉల్ఫ్ అనే ఆయన 1930 ప్రాంతంలో, నడుం లోతు నీళ్లలో నిలబడి గాలం వేసేటప్పుడు సామాను ఎక్కడ పెట్టుకోవాలో తోచక, చేతులు లేని కోటుకు జేబుల మీద జేబులు కుట్టుకున్నాడు. ఇప్పుడు అటువంటి కోట్లు ప్రపంచమంతటా అమ్ముతున్నారు. మామ ఆ కోటు చూడలేదు. ఆయనకు దర్జీ కుట్టిన చేతి బనియను వుండేది, దానికి లోపల ఒక జేబు. డబ్బాను ఆ జేబులో వేసి, పురికొసతో మెడకు కట్టుకునేవాడు. వొంగినా జారదు, జారినా నీళ్లలో పడదు.

ఒకసారి దసరా సెలవులకు నేను కైరుప్పల పోయాను. నాకప్పుడు పదేళ్లు. "నన్నూ తీసుకుపో మామా" అని వెంటపడితే సరేనన్నాడు. తెల్లవారక ముందే బయలుదేరాం. దారిలో ఆయన రెండే షరతులు పెట్టాడు. నేను ఆయన చెయ్యి అందేంత దూరంలోనే వుండాలి, మోకాలు దాటి నీళ్లలో దిగకూడదు. తుంగభద్ర పైకి నెమ్మదిగా కనిపిస్తుంది గాని, ఇసుక తవ్విన గుంతలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పారే దిగువ కాలువ మరీ మోసకారి. దాని వాలు గట్టు మీద కాలు జారితే పట్టు దొరకదు. పెద్దవాళ్లు తోడు లేకుండా అక్కడ గాలం వెయ్యనేకూడదు.

నాగలదిన్నెలో మామ ముందుగా పుట్టి వేసుకుని వలలు లాగే బెస్తవాళ్లను పలకరించాడు. వాళ్లు వలలు పన్నిన చోటికి దూరంగా ఒక రావిచెట్టు కింద కంబళి పరిచాడు. నదిలో చేపలు వాళ్ల బ్రతుకు, మనకు వేడుక మాత్రమే. అడిగి కూర్చోవడం మర్యాద అని ఆయన అన్నాడు.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. పరిగెలు పదో పన్నెండో పడ్డాయి, ఒక చిన్న జెల్ల కూడా. జెల్ల రెక్క ముల్లు గుచ్చుకుంటే మంట పుడుతుందని మామే దాన్ని విడదీశాడు. మధ్యలో ఆయన నాకు డబ్బా ఇచ్చి, "అల్లుడూ, ముందు వరుస నుంచి ఒకటి తియ్యి" అన్నాడు. నేను తొందరలో రెండు లాగాను. ఒకటి ఆయనకిచ్చాను. రెండోదాన్ని మళ్లీ గుచ్చుదామనుకునేంతలో బెండు మునిగింది. నేను దానికేసి పరుగెత్తాను.

సాయంత్రం సర్దుకునేటప్పుడు మామ డబ్బా తెరిచాడు. గడకు వున్న ముల్లు విప్పి, తుడిచి, దాని చోట గుచ్చాడు. ముందు వరుసలో ఒక చోటు ఖాళీగా వున్నది.

"ఇదేమప్పా, పదకొండే ఉండాయి?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. కొంచెం సేపాగి, "ఒకటే గదా మామా, పోతే పోనీ. ఆఖరి బస్సు పోతుంది" అన్నాను.

మామ కోప్పడలేదు. గట్టు కింద రేవు వైపు చూపించాడు. బర్రెలు నీళ్లకు దిగుతున్నాయి. వాటిని తోలుకొచ్చిన పిల్లవాడు నా కంటే చిన్నవాడు. కాళ్లకు చెప్పులు లేవు.

"పండగ నాడు పిడకలు విసిరినామంటే ఎన్ని విసిరినామో ఎవరు లెక్కబెడతారు? ముల్లు అట్ల కాదు గదరా. వెతుకుదాం పా" అన్నాడు.

వంగి వంగి వెతికాం. గడ్డిలో సన్నని ముల్లు కనబడుతుందా? అప్పుడు మామ సంచి అడుగు నుంచి ఒక గుండ్రని నల్లటి బిళ్ల తీశాడు. పాడైపోయిన రేడియో స్పీకరులోని అయస్కాంతం. దానికి దారం కట్టి, మేము కూర్చున్న చోటు చుట్టూ, గట్టు పొడుగునా నేలకు ఆనీ ఆనకుండా ఈడ్చుకుంటూ నడిచాడు. కాసేపట్లో అయస్కాంతానికి నల్లటి గడ్డం మొలిచింది. నేను బెదిరిపోయాను. అది ఇసుకే. నది ఇసుకలో ఇనుప ఖనిజం రేణువులు కలిసి వుంటాయి, అయస్కాంతానికి అంటుకుంటాయి. మామ ఆ గడ్డాన్ని చేత్తో దులిపి, మళ్లీ ఈడ్చాడు. మళ్లీ దులిపాడు.

మూడోసారి దులిపేటప్పుడు గడ్డంలో నుంచి ముల్లు ఒకటి బయటపడింది. నేను ఎగిరి గంతేశాను. మామ దాన్ని పరిశీలించి తల అడ్డంగా వూపాడు. పెద్ద ముల్లు, వొళ్లంతా తుప్పు. అది మాది కాదు. ఇంకా పది అడుగులు పోయాక రేవు పక్కనే మరొకటి దొరికింది. అదీ మాది కాదు. దానికి మూరెడు దారం కూడా వేలాడుతున్నది. బర్రెల పిల్లవాడు మా పక్కనే నిలబడి, ఈయన ఏం పోగొట్టుకున్నాడా అని వింతగా చూస్తున్నాడు.

చీకటి పడింది. ఆఖరి బస్సు పోయింది. ఎమ్మిగనూరు పోయే ట్రాక్టరు వాడిని బతిమాలుకుని, పత్తి బోరాల మీద కూర్చుని ప్రయాణం చేశాం. దారి పొడుగునా మామ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆయన తిట్టినా బాగుండుననిపించింది. బస్టాండులో తెల్లవారే దాకా పడుకోవాలని ఆయన కంబళి దులిపి పరచబోయి, "అబ్బా!" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కంబళి అంచు బొచ్చులో, దీపం వెలుగులో తళతళలాడుతూ, ముందు వరుస ముల్లు.

అప్పటికి నాకు జ్ఞాపకం వచ్చింది. బెండు మునగ్గానే ముల్లును కంబళికి గుచ్చి పరుగెత్తినవాణ్ణి నేనే. "నేనే మామా" అన్నాను.

మామ వేలి కొసను చప్పరించి ఉమ్మి, ముల్లును బొచ్చులో నుంచి నెమ్మదిగా విడదీశాడు. ఆముదం గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. డబ్బా తెరిచి పట్టుకున్నాడు. నేను దాన్ని ఖాళీ చోట గుచ్చాను. ఆయన లెక్కబెట్టమన్నాడు. నేను వేలు పెట్టి లెక్కబెట్టాను. పన్నెండు.

"మరి ఆ రెండూ?" అన్నాను.

నాగలదిన్నె గట్టున దొరికిన తుప్పు ముళ్లు రెండూ తునక దారాల అగ్గిపెట్టెలో వున్నాయి. మామ ఆ పెట్టెకు దారం చుట్టి, గట్టిగా ముడివేసి, బనియను జేబులో వేసుకుని పడుకున్నాడు.